తువ్వాలు కింద బేరం

లెంక గణపతిరావు నా ఇంటి కూడు తిన్న మనిషి. వాడి తల్లి పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో నేనొకణ్ణి. అటువంటివాడు జిల్లా కోర్టులో బోనెక్కి, మండలాధ్యక్షుడు జగన్నాధాన్ని చంపించడానికి నేను బేరం కుదుర్చుకుంటుండగా కళ్ళారా చూశానని దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పాడు. కోర్టు నన్ను వదిలేసింది. గణపతిరావును మాత్రం నేను వదలను. చట్టం వాణ్ణి ఏమీ చెయ్యదట. అబద్ధమని రుజువు కావాలట. సరే, రుజువులు నా దగ్గర లేవు. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివినవాళ్ళే వాడి మొహం చూసి ఉమ్మెయ్యాలో వద్దో తేల్చుకుంటారు.

నా పేరు బెన్హర్. మాది మిషను చర్చి కుటుంబం. ఏడో తరగతిలో బడి మానేసి మా అయ్య వెనక ఎడ్లు తోలుకుంటూ సంతలు తిరిగాను. ఎడ్ల మీద మిగిలిన దానితో ధాన్యం కొన్నాను. ధాన్యం మీద మిగిలిన దానితో రెండు లారీలు కొన్నాను, రాజాంలో గోదాము కట్టాను. షావుకారులు ‘ఏమండీ బెన్హర్ గారూ’ అని పిలిచే రోజు వచ్చినా, శనివారం వచ్చిందంటే కొత్తమెట్ట పశువుల సంతకు పోకుండా ఉండలేకపోయేవాణ్ణి. లాభం కోసం కాదు. అలవాటు. మంచి జత కంటపడితే చెయ్యి దురద పెడుతుంది.

చెయ్యి అని ఎందుకన్నానంటే, సంతలో ఎడ్ల ధర నోటితో చెప్పరు. అమ్మేవాడూ కొనేవాడూ కుడిచేతులు కలుపుతారు. మీద తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్ళే మాట్లాడుకుంటాయి. వేలు నిండా పట్టుకుంటే పదివేలు, కణుపు నొక్కితే వెయ్యి. పక్కన పదిమంది నిలబడి ఉన్నా ఒక్కడికీ తెలియదు. కుదిరితే తువ్వాలు లాగేసి అరచేతిలో అరచెయ్యి చరుస్తారు. కుదరకపోతే చెయ్యి విదిలించుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. కుదరని బేరంలో ఎవడెంత అడిగాడో, ఎవడెంత ఇస్తానన్నాడో మూడో మనిషి చెవిన వెయ్యకూడదు. వేస్తే ఆ జతకు ఆ పైన రూపాయి పుట్టదు, రైతు మునిగిపోతాడు. పెళ్ళాంతో కూడా అనకూడదు. మా అయ్య నాకు ‘ప్రభువు ప్రార్థన’ కంటే ముందు ఈ నీతే నేర్పాడు.

ఆ శనివారం సింహాచలం అనే మనిషి తెల్లటి జత ఒకటి తెచ్చాడు. అతను పొలం చేసుకునేవాడూ అవును, పార్టీల వెంట కర్ర పట్టుకు తిరిగేవాడూ అవును. నాకు అతని కర్రతో పనేముంది? ఎడ్లు బాగున్నాయి. దళారి గణపతిరావు పరిగెత్తుకొచ్చాడు.

“బావా, ఆగు. నాను మాటాడతాను, ఒకడుగు దిగుతాడు.”

“మేమిద్దరం ఎరగని వాళ్ళమేటి? మద్దిన నువ్వెందుకురా?” అన్నాను.

“అయితే నా కమీసను?”

“నీ కమీసను నీ జేబులోనే ఉన్నాదిలే, సూసుకో,” అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. గణపతిరావు కూడా నవ్వాడు. ఆ నవ్వు లోపల ఎక్కడ గుచ్చుకుందో నాకు ఆనాడు తెలియలేదు.

సింహాచలం, నేను చేతులు కలిపాం. చాలాసేపు పట్టుకున్నాం. అతను దిగలేదు, నేను ఎక్కలేదు. చేతులు విదిలించుకున్నాం. “మళ్ళీ సంతకు సూద్దాం,” అని అతను ఎడ్లను తోలుకుపోయాడు. అంతే. ఆ పైన మేమిద్దరం కలిసింది కోర్టు బోనులోనే.

తర్వాత రెండు సంతలైనా తిరగకముందే, పెళ్ళి భోజనం చేసి కారులో ఇంటికొస్తున్న జగన్నాధాన్ని తోవలో ట్రాక్టరు అడ్డం పెట్టి నరికేశారు. నరికిన వాళ్ళలో సింహాచలం ఉన్నాడు. ఎవరి మాట మీద వెళ్ళాడో నాకు ఈనాటికీ తెలియదు. తెలుసుకోవాలని పోలీసులకూ లేదు. వాళ్ళకు డబ్బున్న మనిషి ఒకడు కావాలి, అంతే. నరికినవాళ్ళు కూలికి వెళ్ళారంటే, కూలి ఇచ్చినవాడు ఒకడుండాలి కదా.

జగన్నాధానికీ నాకూ గొడవ ఉన్నమాట నిజం. ధాన్యం కొనుగోలు కేంద్రంలో అతని మనుషుల బస్తాలు ముందు, మా బస్తాలు వానలో. ఒకరోజు ఒళ్ళు మండి పదిమందిలో అన్నాను: “ఈ ఊరేగింపు ఎన్నాళ్ళు సాగుద్దో నానూ సూస్తాను.” మా వైపు ప్రతి రైతూ పొద్దున్న లేస్తే అనే మాట. నేనంటే కుట్ర అయింది.

స్టేషనుకు పిలిచినప్పుడు టీ ఇచ్చి మర్యాదగానే అడిగాడు ఇన్‌స్పెక్టరు.

“సంతలో సింహాచలంతో చేతులు కలిపావా?”

“కలిపినానండీ.”

“దేని గురించి?”

“ఎడ్ల గురించండీ.”

“ఎంత దగ్గర ఆగింది బేరం?”

ఇక్కడే నా బతుకు తిరగబడింది. ఆ నాటికి సింహాచలం పట్టుబడ్డాడు గానీ, అతని పెళ్ళాం ఆ జతను అమ్మి వకీలును పెట్టుకోవాలని చూస్తోందని విన్నాను. రెండు బెంచీల అవతల ఇద్దరు సంత మనుషులు కూర్చుని ఉన్నారు. నేను ఇస్తానన్న ధర బయటపడితే ఆవిడకు అంతకు మించి ఒక్కడూ ఇవ్వడు.

“అది సెప్పకూడదండీ,” అన్నాను.

ఇన్‌స్పెక్టరు కలం ఆపి నా మొహంలోకి చూశాడు. “చెప్పకూడదా?”

“కుదరని బేరమండీ. దర బయటెట్టకూడదు.”

“ఎందుకు?”

“అది మా సంతలో నీతండీ.”

ఆయన నవ్వి, చక్కగా రాసుకున్నాడు. మర్నాడు పేపర్లో వచ్చింది: ‘తువ్వాలు కింద హత్య బేరం. మొత్తం ఎంతో చెప్పడానికి నిరాకరించిన వ్యాపారి.’ ఒక రైతు నష్టపోకూడదని నోరు మూసుకున్నందుకు నాలుగో ముద్దాయినయ్యాను. తర్వాత జైల్లోంచి ధర చెప్పాను, వకీలు చేత చెప్పించాను, కాగితం మీద రాసి ఇచ్చాను. ‘బాగా ఆలోచించుకుని తర్వాత అల్లిన మాట’ అన్నారు. మొదట చెప్పకపోతే కుట్ర, తర్వాత చెబితే కట్టుకథ. ఇంక మనిషి నిజం ఎప్పుడు చెప్పాలి?

గణపతిరావు సాక్ష్యం మీదే కేసంతా నడిచింది. మేము చెయ్యి విదిలించుకోవడం చూసినవాడు, అరచెయ్యి చరుచుకున్నామని చెప్పాడు. ఒక్క ముక్క మార్చాడు. విదిలించడానికీ చరచడానికీ మధ్య నా లారీలు పోయాయి, గోదాము పోయింది. బెయిలు రావడానికి ఏడాది పట్టింది. కేసు నడవడానికి ఇంకో మూడేళ్ళు.

బెయిలు మీద వచ్చిన మొదటి ఆదివారం చర్చికి వెళ్ళాను. పాస్టరుగారు గుమ్మం దగ్గరే భుజం మీద చెయ్యి వేసి, “ప్రార్థన చేసుకో నాయనా, కానీ కేసు తేలేదాకా ప్రభువు బల్లలో చెయ్యి పెట్టకు. సంఘంలో కొందరు నొచ్చుకుంటున్నారు,” అన్నారు. వెనక బల్ల మీద కూర్చున్నాను. ప్రభువు బల్ల రొట్టె పళ్ళెం నా ముందు నుంచి పక్కవాడికి వెళ్ళింది. ఆ పక్కవాడు కొనుగోలు కేంద్రంలో తడిసిన బస్తాలకు ఎండిన బస్తాల ధర వేయించుకునేవాడు. వాడి చెయ్యి పళ్ళెంలోకి వెళ్ళింది.

ఇంట్లో మా ఆవిడ బేబీ మాటలు వేరు.

“ఆ దరేటో ఆ రోజే సెప్పీసుంటే నీ నోటి ముత్తేలేటైనా రాలిపోనా?”

“సింహాచలం పెళ్ళానికి అన్నేయమైపోద్ది గదే.”

“ఆళ్ళ ఎడ్లు అమ్ముడవ్వవని ఆలోసించినావు గానీ, మన ఇల్లూ వాకిలీ అమ్ముడైపోతాయని ఆలోసించనేదు. ఏ సంతలో కొన్నారయ్యా నీకీ బుర్ర?”

అయినా ఆవిడ వాయిదాకు ఒక్కసారి కూడా రాకుండా ఉండలేదు. కోర్టు వరండాలో అన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది.

మా వకీలు పద్మకుమారి గారు గట్టి మనిషి. గణపతిరావును ఆవిడ అడిగిన ప్రశ్నలు నాకు అక్షరం మరిచిపోకుండా గుర్తున్నాయి.

“తువ్వాలు కింద ఏం చూశారు?”

“సేతులండీ.”

“చేతులు తువ్వాలు కింద ఉంటే ఎలా కనబడ్డాయి?”

“కనబడవండీ. ఉంటాయని తెలుసు గదండీ.”

“ఆ చేతులు ఎడ్ల గురించి మాట్లాడాయో మనిషి గురించి మాట్లాడాయో మీకెలా తెలుసు?”

“అది ఆళ్ళిద్దరికే తెలస్తాదండీ.”

“అంటే మీకు తెలియదు.”

“తెల్దండీ.”

కోర్టులో నవ్వారు. జడ్జిగారు కూడా పెదవి బిగబట్టారు. ఆ ‘తెల్దండీ’ మీదే నేను బయటపడ్డాను. సింహాచలానికి, మరో ఇద్దరికి యావజ్జీవం పడింది. నా గురించి తీర్పులో ఏం రాశారంటే, కుట్రలో పాలు పంచుకున్నట్టు సందేహానికి తావు లేకుండా రుజువు కానందున విడుదల చేస్తున్నామని. చదివించుకుని విని వకీలుగారిని అడిగాను: “నాను సెయ్యనేదని ఎక్కడ రాసినారమ్మా?”

“అలా రాయరండి. రుజువు కాలేదని రాస్తారు. మీకు కావలసింది అదే కదా.”

నాకు కావలసింది అది కాదు. నేను చెయ్యలేదు. ఆ రెండు ముక్కలు రాయడానికి ప్రభుత్వం దగ్గర సిరా లేకపోయింది.

ఇంత జరిగాక మాకు మిగిలింది ఒకటే. రాజాం నుంచి చీపురుపల్లి పోయే రోడ్డు పక్కన మా అయ్య ఎడ్ల బేరాలతో కూడబెట్టి కొన్న మెట్టచెక్క. అది కూడా కోర్టు ఖర్చుల కింద ఒక మిల్లు యజమాని దగ్గర తాకట్టులో ఉంది. ఆయన మాట మర్యాదగానే చెప్పాడు: “ఉగాది దాకా చూస్తాను బెన్హర్. మళ్ళీ వ్యాపారం మొదలెట్టావంటే నీ భూమి నీదే, వాయిదాల మీద తీర్చుకో. లేదంటే రిజిస్ట్రాఫీసుకు రా.” వ్యాపారం మొదలెట్టాలంటే గోదాము లేదు, లారీ లేదు, ధాన్యానికి పెట్టుబడి లేదు. ఉన్నది ఈ చెయ్యి ఒక్కటే. దీనితోనే మొదలయ్యాను, దీనితోనే మళ్ళీ మొదలవుతాననుకున్నాను. రెండు మూడు జతలు అటుదిటు తిప్పితే చాలు, మిల్లాయనకు నమ్మకం కుదురుతుంది.

బేబీ కొత్త తువ్వాలు తీసి భుజం మీద వేసింది. “ఎల్లు. ఎవులేటన్నా నోరు జారకు,” అంది.

కొత్తమెట్ట సంత మారలేదు. దుమ్ము, పేడ, పలుపుతాళ్ళ దుకాణాలు. నేనే మారానన్నట్టు జనం దారి ఇస్తున్నారు. మునుపు తోసుకుంటూ వెళ్ళేవాణ్ణి. ఇప్పుడు ఎటు వెళ్ళినా ముందు ఖాళీ. ఎడ్ల పళ్ళు చూడబోతే రైతు తాడు లాక్కుని, “అమ్మీసినాను బాబూ,” అనేవాడు. పది నిమిషాలకు అదే జత దగ్గర ఇంకొకడి చెయ్యి తువ్వాలు కిందకు వెళ్ళేది. ఒక ముసలాయనకైతే నేను చెయ్యి చాపగానే రెండు చేతులూ వెనక్కి వెళ్ళాయి. ఆయన నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

టీకొట్టు కూర్మమ్మ మాత్రం ఎదురొచ్చి పిలిచింది.

“ఓలమ్మో, బెన్హరేనేటి! సిక్కిపోనావురా నాయినా. కూకో. టీ తాగు.” చిల్లర తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “నీ డబ్బులొద్దు.”

“ఎందుకొద్దు అప్పా?”

ఆవిడ గొంతు తగ్గించింది. “మా పక్కింటోడు గట్టు మూరెడు జరిపీసినాడు. నువ్వొక్కపాలి మా ఈదిలోకొచ్చి, ఆడి ఇంటికేసి ఊరికే సూసి ఎల్లిపో. సాలు.”

“నానేటీ సెయ్యనేదప్పా. కోర్టు ఒగ్గీసింది నన్ను.”

“ఒగ్గీసింది గదా, అందుకే సెప్తన్నాను. సేసినోడు జైల్లో ఉంటాడు. సేయించి బయిటికొచ్చినోడంటే మాటలేటి!”

ఆవిడ ఎగతాళికి అనలేదు. గౌరవంగా అంది. టీ గ్లాసు కింద పెట్టేశాను. జైల్లో పడుకున్నప్పుడు కూడా నాకు అంత రోత పుట్టలేదు.

ఇంటికి పోదామని లేచేసరికి దేవేంద్ర వచ్చాడు. జగన్నాధం పోయాక అతని కుర్చీ కోసం కొట్టుకుంటున్న కుర్రనాయకుల్లో ఒకడు. తెల్లచొక్కా, చేతికి రాగి కడియం. “మావా, బాగున్నావా?” అంటూ తనే నా భుజం మీద తువ్వాలు లాగి, మా చేతుల మీద కప్పాడు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళకు ఒక చెయ్యి నా చేతిలోకొచ్చింది. వాడు ఐదు వేళ్ళూ కలిపి పట్టాడు. వదిలి మళ్ళీ ఐదూ పట్టాడు. మళ్ళీ పట్టాడు. ఈ కుర్రాడికి బేరం తెలియదు, ఏ జతకైనా లక్షన్నర ఎవడిస్తాడనుకుని లోపల నవ్వుకున్నాను.

“అమ్మతావా, కొంతావా బాబూ? జత ఏదీ?”

“జత కాదు మావా,” అన్నాడు వాడు, చెవి దగ్గరకొచ్చి. “ఒక్కడే.”

ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు తెలియలేదు. తువ్వాలు లాగి నేలకేసి కొట్టాను. వాడి మణికట్టు పట్టుకుని పైకెత్తి సంతంతా వినబడేట్టు అరిచాను.

“ఓరి జనాలూ, ఇనండి! ఈడు మనిసిని సంపడానికి లచ్చన్నర ఇస్తానంతన్నాడు! నాకు! నాకిస్తానంతన్నాడు!”

సంత సద్దుమణిగింది. దేవేంద్ర మొహం పాలిపోయి, మళ్ళీ సర్దుకుంది. “ముసిలోడికి మతి సెడింది. ఎడ్లజతడిగినాను,” అన్నాడు. నవ్వుతూ కారెక్కి పోయాడు. వాడికేసి ఒక్కడూ చూడలేదు. అందరూ నాకేసే చూస్తున్నారు. నా చుట్టూ వలయం కట్టారు. అందులోంచి గణపతిరావు ముందుకొచ్చాడు. ఇప్పుడు సంత దళారులందరికీ వాడే పెద్ద.

“దర బయిటెట్టినావు బావా,” అన్నాడు.

“మనిసిని సంపమన్నాడురా ఆడు!”

“ఏదన్నా గానీ. తువ్వాలు కింద మాట తువ్వాలు కిందే. ఇయ్యాల దేవేంద్ర దర అరిసినావు, రేపు రైతు దర అరుస్తావు. నీకింక ఈ సంతలో సోటు నేదు.”

వెనక నుంచి ఎవడో “అవునవును” అన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్న ఆ ముసలాయన కూడా తలూపాడు.

“ఆ మాట నువ్వంతన్నావేట్రా?” వాడి మొహం మీదికి వెళ్ళాను. “కోర్టులో బోనెక్కి నా బేరం గురించి సాచ్చికం సెప్పినోడివి, నువ్వు నాకు నీతి సెప్తన్నావా?”

గణపతిరావు నిజంగానే నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు. “నానేటి దర సెప్పినానా బావా? నాకు తెల్దనే గదా సెప్పినాను. కావాలంటే మీ వకీలమ్మనే అడుగు.”

తలకాయలూగాయి. వాడు సంత నీతి తప్పలేదు. మనిషిని ఉరికంబం దాకా పంపబోయాడు గానీ ధర మాత్రం చెప్పలేదు. నేను తప్పాను. ధర దాచినందుకు ప్రభుత్వం జైల్లో వేసింది, ధర చెప్పినందుకు సంత వెలి వేసింది. ఈ దేశంలో మాలాంటివాడు ఏ పక్క నిలబడితే మనిషిగా లెక్కేస్తారో ఎవరైనా చెప్పండి, అక్కడే నిలబడతాను.

తువ్వాలు దులుపుకుని నేరుగా స్టేషనుకు వెళ్ళాను. దేవేంద్ర ఇంకొకడి దగ్గరకు పోయి అదే బేరం కుదుర్చుకుంటే ఒక ప్రాణం పోతుంది కదా. ఇన్‌స్పెక్టరు మారిపోయాడు గానీ రైటరు పాతవాడే. అంతా విని బుగ్గ మీద కలం ఆనించుకున్నాడు.

“నోటితో ఏమన్నాడు?”

“‘జత కాదు, ఒక్కడే’ అన్నాడండీ.”

“అంతేనా? ఒక్క ఎద్దేమో!”

“లచ్చన్నరకి ఒక్క ఎద్దేటండీ!”

“లక్షన్నర అని నోటితో అన్నాడా?”

“వేళ్ళతో అన్నాడండీ. తువ్వాలు కింద.”

రైటరు పకపకా నవ్వి పక్క కానిస్టేబులును పిలిచాడు. “ఇదిగో ఇతని మాట విను. తువ్వాలు కింద ఏముందో ఎవడికీ తెలియదని వీళ్ళ వకీలే కదా కోర్టులో తేల్చింది? దానిమీదే కదా ఈయన ఇంటికొచ్చాడు?” అని నావైపు తిరిగి, “ఇంటికెళ్ళవయ్యా. ఒకసారి దొరికిపోకుండా బయటపడ్డావు, అదే పదివేలు,” అన్నాడు.

దొరికిపోకుండా. ఆ మాట వాడు తప్పుగా అనలేదు, తేలిగ్గా అన్నాడు. ఊరంతా అంతే తేలిగ్గా అనుకుంటోంది. కొందరు తిట్టుకుంటూ అనుకుంటారు, కొందరు మెచ్చుకుంటూ అనుకుంటారు. నేను చెయ్యలేదని అనుకునేవాళ్ళు నా ఇంట్లో ఒక్కరే ఉన్నారు. ఆవిడ కూడా ఆ రాత్రి అన్నం పెట్టి, “ఈ పాలి సెప్పకూడదనుకునుంటే బాగున్ను గదా,” అంది. కంచం తీస్తూ మళ్ళీ తనే, “సెప్పడమే మంచిదిలే. ఆడెవుడో బతుకుతాడు,” అంది.

ఆ ఎవడో ఎవరో నాకు తెలియదు. ఈనాటికి బతికే ఉన్నాడనుకుంటాను. దేవేంద్ర బేరం సంతంతా విన్నది గనక వాడిక ఎవరి దగ్గరకీ పోయే ధైర్యం చెయ్యలేదు. తన ప్రాణం ఎవరి అరుపు వల్ల మిగిలిందో ఆ పెద్దమనిషికి తెలియదు. తెలిసినా నా చేతిలో చెయ్యి పెట్టడు.

కొత్తమెట్ట కాదన్నాక మిగతా సంతలూ కాదన్నాయి. దళారులకు ఫోన్లున్నాయి. ఉగాది వెళ్ళిన వారానికి మిల్లాయన తన మాట ప్రకారం రిజిస్ట్రాఫీసుకు పిలిచాడు. ఆయన మీద నాకు కోపం లేదు. సంతకం పెట్టే ముందు గుమాస్తా అమ్మకం కాగితం పైకి చదివాడు, నేనూ బేబీ నిలబడి విన్నాం. రాజాం చీపురుపల్లి రోడ్డుకు తూర్పున, మా అయ్య పేర పట్టా ఉన్న మెట్ట, బోరుబావితో సహా, రెండెకరాల పద్దెనిమిది సెంట్లు.